మంచు టైర్లు చెప్పిన మా బావగారు

మా బావగారు జన్మలో మంచు చూడలేదు. ఆయన చూసిన చలి అంతా సోడాబండి మీది ఐసుగడ్డే. అయినా కరోనా వచ్చి మగ్గాలు ఆగిపోయి, చేతికో ఫోనూ చేతినిండా తీరికా దొరికేసరికి ఆయనకు తెలియని సంగతంటూ లేకుండా పోయింది. సూరత్ ఉధ్నాలో మా గది గడప ముందు కుర్చీ వేసుకుని, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, రోగం ఎలా పోతుందో, దేశం ఎలా నడవాలో చెప్పేవారు. మా ఆయనకు సొంత అన్న. వినక తప్పుతుందా?

మా ఆయనది చిన్న ట్రక్కు. చీరల మూటలు ముంబై వైపు తోలేవాడు. రెండో చలికాలానికి దుకాణాలు తెరుచుకున్నాక కశ్మీరుకు డ్రెస్సుగుడ్డల లోడు దొరికింది, నెలకొక ట్రిప్పు. బండి టైర్లేమో నా పాత చెప్పుల్లా నున్నగా అరిగి ఉన్నాయి. ఘాట్ రోడ్డు మీద మంచు పడితే బండీ మనిషీ కలిసి లోయలోకే. అన్నం కలుపుతున్నా నాకు ఆ లోయే కనబడేది.

"మంచంటే ఏందిరా? తెల్ల ఇసుక," అన్నారు బావగారు. "డుమస్ బీచ్‌ల మా మగ్గాల సేఠ్ కారు ఇసుకల దిగవడితే ఎవడు తీసిండు? టైర్లల్ల సగం గాలి తీసిన, గడగడ బయటికొచ్చింది. నువ్వు గూడ వెడల్పు టైర్లు ఎయ్యి, సగం గాలి వెట్టు. కశ్మీర్లయినా గంతే."

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, భజియాలు తింటూ. కారును లాగింది ట్రాక్టరు. బావగారు చేసిందల్లా పక్కన నిలబడి 'జోర్ లగా, జోర్ లగా' అని అరవడమే.

"అన్న చెప్పిండు గదనే," అన్నాడు మా ఆయన.

"మీ అన్న వస్తడా బండ్ల గూసోని?"

"ఆయనెందుకొస్తడు?"

"నేను గూడ గదే అడుగుతున్న."

టైర్ల కొట్టుకు నేనూ వెంటపడి వెళ్ళాను. కొట్టు నడిపే ముసలి సేఠ్ మూడు రకాలు చూపించాడు. బావగారి వెడల్పువి ఒకటి, అచ్చంగా మంచు కోసమే చేసినవి ఒకటి, అన్ని కాలాలకూ పనికొచ్చేవి ఒకటి. కొత్త టైర్లకు రబ్బరు వెంట్రుకలు సన్నగా లేచి ఉంటాయి. ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరించే చెయ్యి నాది, ఊరుకుంటుందా? తుంపుకుంటానని అడిగాను.

"లే జావ్ బెన్, బాల్ ముఫత్," అని నవ్వాడు సేఠ్, వెంట్రుకలకు డబ్బులేమీ వద్దంటూ.

వెడల్పువాటి వెంట్రుకలకు ఎర్రదారం, మంచువాటికి తెల్లదారం, మూడోవాటికి పచ్చదారం చుట్టాను. చలికి బిగుసుకుపోయే రబ్బరు రోడ్డును పట్టుకోదు కదా, ఇంటికి రాగానే సగం తీసి ఫ్రిజ్‌లో ఐసు అరలో పడేశాను.

మర్నాడు బావగారు చాయ్‌కి వచ్చినప్పుడు వాటిని పళ్ళెంలో పెట్టి ముందుకు జరిపాను. "జర వంచి చూడు బావా."

తెల్లదారంవి మెత్తగా వంగాయి. పచ్చవి కాస్త బిగిసినా వంగాయి. బావగారి ఎర్రవి మాత్రం చీపురుపుల్లల్లా మొండికేశాయి.

"గిది ఫ్రిజ్. అది కశ్మీర్," అన్నారాయన.

"అవును బావా. ఫ్రిజ్‌ల లోయ లేదు."

మా ఆయన ఫక్కున నవ్వాడు. అన్న ముందు ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. బావగారు చాయ్ సగంలో వదిలేసి లేచారు. ఆయన రాని ఆ రెండు రోజులూ మా గడప కళకళలాడింది.

"మరి తెల్లదారంయే ఎయ్యాల్నా?" అన్నాడు మా ఆయన. మంచు నెలకొక్క రోజు, మిగతా రోజులన్నీ మన సూరత్ ఎండ. మిగిలిన వెంట్రుకలు పట్టుకుని మిట్టమధ్యాహ్నం మేడెక్కాను. కాలే సిమెంటు మీద గట్టిగా రుద్దితే తెల్లవి పెన్సిలు రబ్బరులా పొడి రాలాయి. పచ్చవి నిలిచాయి. పచ్చదారం టైర్లే వేయించాం. గడ్డకట్టిన మంచు మీద ఏ టైరైనా జారుతుందని సేఠ్ చెబితే, చక్రాలకు చుట్టే ఇనుపగొలుసులు కూడా తీసుకున్నాం.

జమ్మూ దాటాక మా ఆయన ఫోను వచ్చింది. "మంచు వడుతుంది. గొలుసులు గట్టిన. ముందట రెండు లారీలు అడ్డం తిరిగినయ్. మనది జారలే." కిటికీ అద్దం దించిన చప్పుడైంది. "ఇసుక లెక్క లేదే," అన్నాడు.

తిరిగొచ్చిన రోజు మా ఆయన లోపల స్నానం చేస్తుంటే బావగారు గడప ముందు కుర్చీలో కూర్చుని పక్కింటివాళ్ళకు చెబుతున్నారు. "టైరంటే రబ్బరు మెత్తన చూడాలె. నేనే ఫ్రిజ్‌ల వెట్టి చూపించిన మావోనికి."

నేను చాయ్ గ్లాసులతో నిలబడి విన్నాను. మా ఆయన తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక అన్నకు ఎదురు చెప్పని మనిషి.

"అన్నా, జర లెవ్వు. నీ మరదలు పొద్దటి సంది నిలవడే ఉన్నది."

కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. కూర్చున్నాను.