క్రీము ఇంకేదాకా

మా పక్క క్వార్టర్ అత్తయ్య ఆసుపత్రిలో పోయారు. ఉదయం కుళాయి నీళ్లు వచ్చే వేళకి గోడ అవతలి నుంచి మావయ్య మా అమ్మని పేరు పెట్టి పిలిచారు. ఎప్పుడూ "చెల్లెమ్మా" అనే మనిషి. ఆ పిలుపుతోనే మాకు తెలిసిపోయింది. బకెట్ నిండి పొర్లుతున్నా అమ్మ కుళాయి కట్టెయ్యలేదు.

మా స్టీల్ ప్లాంటు కాలనీలో సెక్టర్ 4 వాళ్లకి ఆవిడ గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. క్వార్టర్ ముందు వరండాకి రేకులు కట్టించి, ఒక నిలువుటద్దం, ఒక ఎత్తు కుర్చీ పెట్టుకుని ఆవిడ పార్లర్ నడిపారు. బోర్డు లేదు. చుట్టుపక్కల మరోదా నుంచీ, క్యాంప్ 1 నుంచీ కూడా పెళ్లికూతుళ్లు వచ్చేవాళ్లు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లెవరికైనా ముందు గుర్తొచ్చేది ఆవిడ వేసిన మేకప్ కాదు, మేకప్‌కి ముందు కూర్చోబెట్టిన సమయం.

ముఖం కడిగించి, తుడవనిచ్చేవారు కాదు. మెత్తటి గుడ్డతో అద్దేవారు. తర్వాత ఉంగరం వేలి మీద బియ్యపుగింజంత క్రీము తీసుకుని, కంటి కింద ఎముక వెంబడి చుక్కలు పెట్టి, అదే వేలితో మెల్లగా తట్టేవారు. రెప్పల దాకా వెళ్లేవారు కాదు. ఉంగరం వేలే ఎందుకంటే దానికి బలం తక్కువ. అంతా అయ్యాక చెయ్యి వెనక్కి తీసుకుని, "కూకో. ఇంకనీ" అని లోపలికి వెళ్లి టీ పెట్టుకునేవారు.

"అత్తయ్యా, బేగి! బరాత్ వచ్చీసింది."

"రానీ. గుర్రం మీదున్న పెళ్లికొడుక్కి తొందర గాని నీకేటి? తడి మీద రంగేస్తే మండపంలో కూకునేసరికి బీటలిచ్చేస్తాది. అప్పుడు ఫొటోలో నువ్వుండవు, మీ నాయనమ్మ ఉంటాది."

ఇదంతా ఆవిడ ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. మావయ్య ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవారు. షిఫ్టు దిగి వచ్చేసరికి ఆ వేడికి కళ్ల కింద చర్మం ఎర్రగా వడిలిపోయి ఉండేదట. ఆయన తువ్వాలుతో బరబరా రుద్దుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపి, తడిగుడ్డ వేసి, కాసేపు పడుకోబెట్టేవారు. "నా మొదటి కస్టమర్ ఈయనే. ఒక్కనాడూ కుదురుగా పడుకోలేదు" అనేవారు. "నువ్వు ఊరుకున్నావా, ఊరందరి సంగతులూ చెవిలో పోసేదానివి" అనేవారు మావయ్య.

నాకు వాళ్లింట్లో కుర్చీ పక్కన ఒక స్టూలు ఉండేది. కాన్వెంట్ నుంచి వచ్చాక పుస్తకం పట్టుకుని అక్కడ కూర్చునేదాన్ని. "పుస్తకాలు నీ కళ్ల కింద అచ్చయిపోనాయే" అని గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పేవారు. వచ్చినవాళ్లకి నన్ను చూపించి, "ఈ పిల్ల ఇంగ్లీషులో చదువుతాది, హిందీలో నవ్వుతాది, తెలుగులో మాత్రం నోరిప్పదు" అనేవారు. నేను నిజంగానే నోరిప్పేదాన్ని కాదు. చూస్తూ ఉండేదాన్ని. చూసీ చూసీ నాకూ వచ్చేసింది. జబ్బు చేసి ఆవిడ చేతులు వణకడం మొదలయ్యాక, సాయంత్రాలు ఆవిడ కళ్ల కింద క్రీము నేనే పెట్టేదాన్ని. కళ్లు మూసుకునే "ఆ వేలు కాదు" అనేవారు.

ఆసుపత్రి నుంచి ఆవిడని తెచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. వదిన, అంటే వాళ్ల ఒక్కగానొక్క కూతురు, విశాఖపట్నం నుంచి రైల్లో ఉంది. తల్లికి బాగా లేదని తెలియగానే బయలుదేరింది. రైలు రాయ్‌పూర్‌కి ముందు ఎక్కడో ఆగిపోయింది. మావయ్య ఫోన్ రెండు చేతులతో పట్టుకుని మంచం మీద కూర్చున్నారు.

మావాళ్ల ఇళ్లలో ఇలాంటప్పుడు ముందుండి నడిపించేది క్యాంప్ 1లో ఉండే ఒక పెద్దాయన. ఆయన వాకిట్లోంచే ఆకాశం చూశారు.

"చలికాలం బాబూ, బేగి చీకటి పడిపోతాది. పొద్దు వాలకుండా లేపీయాల. పిల్ల కోసం చూస్తే కుదరదు."

మాలో ఆడపిల్లలు శ్మశానానికి వెళ్లే ఆనవాయితీ లేదు. ఇప్పుడు లేపితే వదిన ఇక తల్లి ముఖం చూడదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. మావయ్య తల ఎత్తి, మళ్లీ ఫోన్ వైపు చూసుకున్నారు.

లోపల ఆడవాళ్లు స్నానం చేయించి, పసుపు రాసి, కుంకం పెట్టారు. ఆక్సిజన్ మాస్కు అంచు రెండు కళ్ల కిందా దిగబడి నల్లటి చారలు మిగిల్చింది. పసుపు మీద అవి ఇంకా కనబడ్డాయి. వెనక క్వార్టర్ పిన్ని గబగబా పౌడరు అద్దింది. ఎండిన చర్మం మీద అది తెల్లగా పెళ్లలు కట్టింది.

"అయ్యో, ఇలగ చూస్తే పిల్ల దడుచుకుంటాది" అంది అమ్మ.

మావయ్య గుమ్మంలోకి వచ్చారు. ఆ ముఖం చూసి, నా వైపు తిరిగారు.

"నువ్వు చెయ్యమ్మా."

"పెళ్లికాని పిల్ల ముట్టుకోకూడదు కదా, అన్నయ్యా" అంది పిన్ని.

"ఇన్నాళ్లూ ఆ ముఖం మీద ఉన్నది దీని చెయ్యే కదా. ఇప్పుడు కొత్తగా ఏటి?"

వరండాలోకి వెళ్లి క్రీము డబ్బా, దూది తెచ్చాను. దూది తడిపి పౌడరు తీసేశాను, రుద్దకుండా. ఉంగరం వేలి మీద బియ్యపుగింజంత. ఎడమ కంటి కింద ఎముక వెంబడి చుక్కలు. ఆ చల్లదనానికి నా వేలు ఒకసారి ఆగింది. మళ్లీ తట్టాను. ఎండి పొట్టు లేచిన చర్మం అణిగింది. చారలు పోలేదు గాని మెత్తబడ్డట్టు కనిపించాయి.

"అయిందా అమ్మా?" వాకిట్లోంచి పెద్దాయన.

"లేదండి. ఆగాలి."

"దేనికి?"

అంతమంది ముందు నా గొంతు నాకే వినిపించింది. "క్రీము ఇంకాలి."

ఆయన గుమ్మం దాకా వచ్చారు. "పోయిన మనిషికి క్రీము ఇంకడమేటమ్మా? ఏటి మాటలివి?"

డబ్బా మూత గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు గోడకి ఆనుకుని కూర్చున్న ఒకావిడ మాట్లాడింది. ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న పెళ్లికూతురే.

"ఇంకాల బాబూ. నా పెళ్లప్పుడు ముహూర్తం దాటిపోతందని మా నాన్న ఈ గుమ్మంలోనే గంతులేశాడు. ఐనా నన్ను లేవనిచ్చిందా ఈవిడ?"

"నన్నూ అలగే కూకోబెట్టింది" అంది పక్కనావిడ.

"ఒక కన్నే అయింది. రెండోది చెయ్యకుండా ఎలగ పంపుతాం?"

ఆఖరి మాట అన్నది పిన్ని. అని, లేచి వెళ్లి, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది.

బయట శవాన్ని తీసుకెళ్లే బండి డ్రైవరు ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఇంకా ఎంతసేపని అడిగాడు. "భయ్యా, ఔర్ కిత్నీ దేర్?"

"మేకప్ హో రహా హై" అని, అవుతోంది ఆగమన్నారెవరో.

అతను కాసేపు ఆలోచించి ఇంజన్ ఆపేశాడు.

నేను రెండో కన్ను ముట్టుకోలేదు. రైలు రాయ్‌పూర్ దాటిందని ఫోన్ వచ్చింది. పెద్దాయన వాకిలి చివరికి వెళ్లి, ప్లాంటు పొగగొట్టాల వైపు దిగుతున్న పొద్దు చూసి వచ్చారు. మళ్లీ వెళ్లారు. ప్రతిసారీ గుమ్మంలో ఉన్న పిన్నిని చూసేవారు. పిన్ని నన్ను చూసేది. నేను కంటి కింద చూసి, ఇంకా కాలేదన్నట్టు తల ఊపేదాన్ని. వదిన దుర్గ్ స్టేషన్‌లో దిగిందన్నారు. తర్వాత చాలాసేపు ఏ కబురూ లేదు. నా అరచేతిలో డబ్బా తడిసిపోయింది.

ఆటో చప్పుడుకి పిన్ని లేచి దారి ఇచ్చింది.

వదిన వచ్చి తల్లి పక్కన కూలబడింది. ఏడుపు నెమ్మదించేదాకా ఎవరూ కదపలేదు. తర్వాత నేను క్రీము డబ్బా చాపాను.

"కుడి కన్ను మీకుంచాను, వదినా."

వదిన చూపుడు వేలు ముంచబోయి ఆగింది. ఉంగరం వేలు ముంచింది. ఎక్కువ వచ్చింది. డబ్బా అంచుకి రాసి బియ్యపుగింజంత ఉంచుకుంది. చుక్క, చుక్క, చుక్క. మెల్లగా తట్టింది.

మావయ్య లేచారు. డ్రైవరు బండి తలుపు తీసిన చప్పుడు వినిపించింది. పెద్దాయన గుమ్మంలో నిలబడి, కండువాతో ముఖం తుడుచుకుని, చెయ్యి అడ్డం పెట్టి అందరినీ ఆపారు.

"ఇంకనీండి" అన్నారు.

ఇంకదని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా కూర్చున్నాం. పడమటి కిటికీలోంచి వచ్చిన ఆఖరి వెలుతురులో ఆవిడ కళ్ల కింద రెండు వైపులా క్రీము తడిగా మెరుస్తోంది. వదిన తన ఉంగరం వేలు దేనికీ తగలకుండా పైకి ఎత్తి పట్టుకుంది.