కొత్త రిమోట్, పాత వైరు

అక్క చేతికట్టు విప్పిన వేసవి అది. మేడమెట్ల మీద కాలు జారి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. రోజూ రబ్బరు బంతి నొక్కుతూ ఉండమని, వదిలేస్తే అలాగే ఉండిపోతాయని డాక్టరుగారు చెప్పి పంపారు. మొదట్లో నొక్కింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఒకరోజు బంతి మంచం కిందికి దొర్లిపోయింది. తను మళ్ళీ తీయలేదు.

మేం అప్పుడు వినుకొండలో ఉండేవాళ్ళం. నాన్న మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. అక్క ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మా వీధిలో సగం మందికి తన కుట్టే. కట్టు విప్పాక కూడా కుట్టుమిషను మీది దుప్పటి తీయలేదు. ఎవరైనా గుడ్డ తెస్తే నన్నే గుమ్మంలోకి పంపి, కుదరదని చెప్పించేది.

ఒక మధ్యాహ్నం నేను అటక సర్దుతుంటే మా చిన్నప్పటి టీవీ గేమ్ డబ్బా దొరికింది. క్యాసెట్ పెట్టి టీవీకి తగిలించి ఆడుకునే రకం. అందులో ట్యాంకుల ఆటంటే ఇద్దరికీ ప్రాణం. సెలవుల్లో అన్నానికి కూడా లేచేవాళ్ళం కాదు.

"పనిచేస్తుందా అది?" అంది అక్క, మంచం మీద నుంచే.

తను ఏదైనా అడిగి చాలా రోజులైంది. గబగబా టీవీకి తగిలించాను. బొమ్మ వచ్చింది. కానీ ఒక రిమోట్ ఎప్పుడో పోయింది, రెండోదాని వైరు మెడ దగ్గర ఎలుకలు కొరికేశాయి. అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

పరీక్షకి గుంటూరు వెళ్ళినప్పుడు, రేడియో సామాన్లమ్మే షాపులో అలాంటి రిమోటే అడిగి తెచ్చాను. ప్లగ్గు సరిగ్గా పట్టింది. ఆట మొదలుపెడితే ట్యాంకు దానంతటదే ఎడమగోడకి వెళ్ళి ఆగింది. ఏ బటన్ నొక్కినా కదల్లేదు.

అందరూ చేసే పనే నేనూ చేశాను. క్యాసెట్ తీసి ఊదాను. దాని పళ్ళని రబ్బరుతో తుడిచాను. రెండో సాకెట్‌లో పెట్టి చూశాను. ట్యాంకు ఎడమగోడని వదల్లేదు. షాపాయనకి ఫోన్ చేస్తే, "డబ్బాలన్నీ ఒకటి కాదమ్మా, ప్లగ్గు ఒకటే అయినా లోపల వైర్లు అటూఇటూ మారతయ్యండి. తెచ్చెయ్యండి, వేరేది చూద్దాం" అన్నాడు. మళ్ళీ గుంటూరు ఎప్పుడు వెళ్తానో నాకే తెలీదు.

"వైర్లు మారాయంటే, పాతదాంట్లో ఎలా ఉన్నాయో చూస్తే సరిపోతుందిగా" అంది అక్క.

"నాకేం తెలుసే అవన్నీ?"

"నాకు మాత్రం తెలుసా ఏంటి? స్క్రూడ్రైవర్ తే."

నేల మీద పాత దినపత్రిక పరిచి రెండు రిమోట్లూ విప్పాం. రెండిట్లోనూ చిన్న పచ్చ అట్టలాంటిది, దానికి అతికిన ఐదు సన్నటి వైర్లు. రంగులు ఏ ఒక్కటీ కలవలేదు. నాకు ఆశ పోయింది. అక్క మాత్రం కిటికీ దగ్గరకి జరిగి, కొత్త అట్టని వెలుతురుకి పెట్టి చూసింది.

"వైరు వైరుకీ పక్కన ఒక అక్షరం ఉంది చూడు. పాతదాని మీదా అవే అక్షరాలు. రంగులతో మనకేం పని? జాకెట్టు లైనింగు ఏ రంగుదైనా చంక చంకకే గదా కుట్టేది."

డబ్బాలోకి వెళ్ళే పాత ప్లగ్గూ, దాని పొడవాటి వైరూ బాగానే ఉన్నాయి. ఎలుక కొరికిన చోట దాన్ని కోసి, కొత్త రిమోట్ వైరు కూడా మధ్యలో కోశాం. రెండు అట్టల మీదా ఒకే అక్షరం పక్కనున్న వైర్లని జతచేసి మెలితిప్పాలి. నేను తిప్పితే జారిపోయేవి. రాగి పోగులు వెంట్రుకల్లా విడిపోయేవి.

"ఇటివ్వవే, నువ్వు దారం ఎక్కించడం కూడా ఇంతే" అని అక్క లాక్కుంది.

ఎడమచేత్తో వైరు పట్టుకుని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెలితిప్పింది. ఆ రెండు వేళ్ళూ ఒకదాన్నొకటి తాకడం కట్టు విప్పాక నేను చూడలేదు. ఆ మాట అంటే ఆపేస్తుందేమోనని భయం. టేపు ముక్కలు చింపి ఒక్కొక్కటీ అందించాను.

స్విచ్ వేస్తే ట్యాంకు కదిలింది గానీ ఆగకుండా కాల్పులే. అక్క మళ్ళీ విప్పింది. మేం విప్పినప్పుడు బటన్ కింది రబ్బరు పక్కకి జరిగి నొక్కుకుపోయింది. దాన్ని సర్ది మూసింది. ఈసారి ట్యాంకు చెప్పినమాట విన్నది.

అమ్మ మేడ మీద ఎండిన మిరపకాయలు ఏరి, తుమ్ముకుంటూ కిందికి దిగింది. గుమ్మంలోనే ఆగిపోయింది. అక్క కుడి బొటనవేలు ఎర్ర బటన్ని టకటకా నొక్కుతోంది.

"నొప్పిగా లేదటే నీకు?"

"ఎందుకు లేదు, చచ్చేంత ఉంది" అంది అక్క టీవీ మీంచి చూపు తిప్పకుండా. "కాస్త పక్కకి జరగమ్మా, కనపడట్లా."

అమ్మ జరిగింది. జరిగి, అక్కడే కూలబడి, కారం చేతులు దూరంగా పెట్టుకుని ఆట చూసింది. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అయినా లేవలేదు.

ఆ వేసవంతా మా ఇంట్లో ట్యాంకులే. ఆదివారం నాన్న వస్తే ఆయన చేతికీ రిమోట్ ఇచ్చేవాళ్ళం. క్షణంలో ఓడిపోయి, "ఏంటమ్మా ఇది, ఎటు పోతున్నానో నాకే తెలవట్లా" అని నవ్వేవాడు. అక్క మొదట రెండు వేళ్ళతో, తర్వాత నాలుగు వేళ్ళతో పట్టుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి ఉబ్బిన రోజు వేడినీళ్ళలో పెట్టుకుని ఊరుకునేది. మర్నాడు మళ్ళీ ఆడేది.

పొలాల్లో పత్తి గింజలు పెట్టే రోజులకి మిషను మీది దుప్పటి తీసింది. పెద్ద కత్తెర మీద ఇంకా పట్టు దొరకలేదు. చిన్నది కొనుక్కుంది. మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. తలుపు గడియ ఎడమచేత్తోనే తీస్తుంది.

అప్పుడు కుట్టిన మొదటి జాకెట్టు పక్కవీధిలో ఉండే బీబీగారిది, రంజాన్ పండక్కి. వేసుకుని చూసి, "ఒక చెయ్యి బిగుతుగా ఉందమ్మాయ్" అందామె.

"ఇటివ్వండి, విప్పి మళ్ళీ కుడతాను" అంది అక్క.

ఆ సాయంత్రం మిషను చప్పుడు వింటూ నేను పక్కగదిలో చదువుకున్నాను.