పక్కింటికి పోస్టులో ఉత్తరం

పాపా బెంట్‌సిల్ ఎవరికి ఏం చెప్పదలుచుకున్నా పోస్టులోనే చెప్పేవాడు. పక్కింటివాళ్లకీ అంతే, కట్టుకున్న భార్యకీ అంతే.

మా రెండిళ్లకీ మధ్య ఉన్నది నడుమెత్తు మట్టిగోడ. ఆయన అవతల తుమ్మితే నేను ఇవతల నుంచి "నూరేళ్లు" అని దీవించేంత దగ్గర. అయినా ఒక గురువారం పోస్టాఫీసుకెళ్లి అక్కడ నా పేరున్న పెట్టె తెరిస్తే అందులో ఆయన ఉత్తరం. "గౌరవనీయులైన అబాకా మాస్టారికి, మీ నల్లకోడి మా పెరట్లో మిరప మొక్కలు కెలుకుతున్నది. వెంటనే వచ్చి పట్టుకెళ్లగలరు." తేదీ చూస్తే సోమవారం. పరుగెత్తుకెళ్లాను. మిరప మొక్క ఒక్కటీ లేదు. కోడి మాత్రం అక్కడే కాపురం పెట్టి మూడు గుడ్లు కూడా పెట్టింది.

"పాపా! గోడ దగ్గర నిలబడి ఒక్క కేక వేస్తే సరిపోయేది కదా!"

"కేక మీద స్టాంపు అంటించలేం కదయ్యా మాస్టారూ! సరేగానీ, ఆ కవరు పారేశావా? ఇటివ్వు."

పాపా వృత్తిరీత్యా దర్జీ. సముద్రం పక్క ఊళ్లన్నిటిలోనూ చర్చి పాటగాళ్ల అంగీలు కుట్టాలంటే ఆయనే. అరవై రెండేళ్లు వచ్చేదాకా స్టాంపు వంక కన్నెత్తి చూడని మనిషి, ఒక శనివారం మధ్యాహ్నం మెడలో కొలతల టేపుతోనే మా ఎదుమాకో ఊరి స్టాంపుల సంఘానికి వచ్చి, "నన్నూ చేర్చుకోండి" అన్నాడు. సంఘానికి కార్యదర్శిని నేనే. అధ్యక్షుడు పళ్ల డాక్టరు గార్టీ. ఆయన స్టాంపునైనా పన్నునైనా ఒకే శ్రద్ధతో పట్టకారుతో పట్టుకుంటాడు.

"ఏ రకం సేకరిస్తారు?" అని డాక్టరు అడిగాడు. "నావి ఓడలు, అబాకావి పక్షులు."

"నావి మన ఊరి ముద్ర పడ్డ స్టాంపులు."

"అంటే?"

"మన పోస్టాఫీసులో రోజూ ఢామ్మని కొడతారే, ఆ గుండ్రటి ముద్ర. అది ఉండాలి. బొమ్మ ఏదైనా ఫర్వాలేదు."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. లోపం అద్దాల్లో లేదని అప్పుడు తెలిసింది.

ఆరు నెలలకి పాపా ఆల్బమ్ నిండిపోయింది. పేజీ తిప్పితే అదే కోకో కాయ బొమ్మ, అదే ముద్ర, తేదీ ఒక్కటే తేడా. అయినా సమావేశానికి వచ్చి దర్జాగా బేరాలాడేవాడు. "డాక్టరుగారూ, మీ దగ్గర బుధవారాలేమైనా మిగిలున్నాయా? రెండు సోమవారాలిస్తాను."

ఇక దుకాణంలో సంగతి చెప్పనే అక్కర్లేదు. పీతర్ అని ఒక డ్రైవరు వెళ్లి, "పాపా, నా లాగు అయ్యిందా?" అని అడిగాడు.

"అయ్యింది. ఉత్తరం వేశాను."

"అదిగో, మేకుకి వేలాడుతోంది, కనబడుతూనే ఉంది. ఇచ్చేయ్."

"నీకు ఉత్తరం అందిందా?"

"లేదు."

"మరి లాగు అయ్యిందని నీకెలా తెలుసు? వెళ్లి నీ పెట్టె చూసుకుని రా, ఇస్తాను."

భార్య మామె ఎకువా అందరికంటే ఎక్కువ భరించింది. ఒకరోజు పెట్టెలో ఉత్తరం చూసుకుంది. "ప్రియమైన ఎకువా, ఈ రాత్రికి చేప వద్దు, కడుపు బాగులేదు." ఆవిడ తిన్నగా దుకాణానికి వచ్చి కస్టమర్ల ముందే ఉతికి ఆరేసింది. "ఏవయ్యా, నీ ఉత్తరం అందేసరికి నువ్వు చేపా తిన్నావు, మొక్కజొన్న కెంకె రెండుండలూ తిన్నావు, కడుపు నొప్పి వచ్చిందీ పోయిందీ! ఒకే మంచం మీద పడుకుంటూ ఈ పోస్టేమిటి?"

"కవరు దాచావా, ఎకువా?" అన్నాడు పాపా ఆశగా.

మా గొడవ వార్షిక ప్రదర్శన దగ్గర మొదలైంది. కేప్ కోస్ట్ పట్నం సంఘం వాళ్లు కూడా చూడ్డానికొస్తామన్నారు. పాపా తన ఆల్బమ్ పెట్టడానికీ ఒక బల్ల కావాలన్నాడు. డాక్టరు మొహం ఎర్రబడింది. పాపా వెళ్లిపోయాక మా అందరి మీదా అరిచాడు. "వచ్చినవాళ్లు నాలుగొందల కోకో కాయలు చూసి నవ్విపోతారు! అబాకా, నువ్వు పక్కింటివాడివి. ఈ ఏడాదికి బల్ల లేదని నువ్వే చెప్పు."

నోటితో చెబితే పాపా లెక్కలోకి తీసుకోడు. అందుకని ఆ కఠినమైన మాటలు కాగితం మీద రాసుకుని, స్టాంపు కోసం పోస్టాఫీసుకి వెళ్లాను. మూడవుతోంది. ఆ చిన్న ఆఫీసుని ఒంటిచేత్తో నడిపే ఆంటీ మాన్సా సంచి కట్టడానికి సిద్ధంగా ఉంది. నా కవరు మీద పేరు చూడగానే ఆవిడ మొహం వికసించింది.

"పాపాకేనా? అమ్మయ్య! నీదొకటి కలిసింది, ఇక ఆయన ఇవాళ ఒక్కటే రాస్తే చాలు."

"దేనికి చాలు ఆంటీ?"

ఆవిడ నాలిక కరుచుకుంది. తర్వాత కిటికీ తలుపు ఓరగా వేసి, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుని చెప్పింది. సెల్‌ఫోన్లు వచ్చాక ఊళ్లో ఉత్తరాలు తగ్గిపోయాయి. రోజుకి పన్నెండైనా లేకపోతే, ఏడాది చూసి ఆఫీసు మూసేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఆ వేళ పాపా ఆవిడ కొత్త గౌనుకి కొలతలు తీసుకుంటున్నాడట. ఆవిడ భుజాలు వణకడం చూసి టేపు పక్కన పెట్టి, కాగితం తీసుకుని చదివాడట.

"నా ఉద్యోగం సంగతి అలా ఉంచు. ఈ కిటికీ మూస్తే ముసలమ్మలందరూ పింఛనుకి పన్నెండు మైళ్లు లారీ ఎక్కి పోవాలి. పాపా ఏమన్నాడో తెలుసా? 'నువ్వు రోజూ మూడింటికి ఎన్ని తక్కువయ్యాయో చెప్పు, మిగతావి నేను రాస్తాను' అన్నాడు. స్టాంపులు కొనడానికి చుట్ట కూడా మానేశాడు. పొగకి స్టాంపులు పసుపెక్కుతాయని మీకు చెప్పాడటగా?"

చెప్పాడు. మేం నమ్మాం కూడా.

"మరి ఈ సంఘం, ఆల్బమ్, ఇదంతా?"

"ఉత్తిగా ఉత్తరాలు రాస్తే పిచ్చి ముదిరిందంటారు. స్టాంపుల సంఘంలో ఉంటే ఎవరూ ఏమీ అనుకోరన్నాడు."

సంఘానికి అంత చక్కటి పేరుందని నాకు అప్పటిదాకా తెలియదు. నా ఉత్తరం వెనక్కి తీసుకున్నాను. కౌంటరు మీదే ఇంకో కాగితం అడుక్కుని, "మీ బల్ల కిటికీ పక్కన వేయిస్తున్నాం" అని రాసి ఆవిడ చేతిలో పెట్టాను.

శనివారం పాపా రాకముందే సమావేశంలో లేచి నిలబడ్డాను. "పాపాకి బల్ల ఇవ్వాలి. ఇక మీదట సంఘం నోటీసులన్నీ పోస్టులోనే పంపాలి. కారణం మాత్రం అడక్కండి, ఒట్టేశాను."

డాక్టరు గార్టీ గొంతు సవరించుకున్నాడు. "నేనూ నిన్న స్టాంపులకని వెళ్లాను. మాన్సా నాచేతా ఒట్టు వేయించుకుంది."

"నాచేత మంగళవారం," అన్నాడు కోశాధికారి.

వెనక బెంచీ నుంచి ఇంకో రెండు చేతులు మెల్లగా లేచాయి. ఆంటీ మాన్సా రహస్యాన్ని భద్రంగా దాచలేదు. ఒక్కొక్కరికీ విడిగా, రిజిస్టరు చేసి మరీ అందించింది.

ప్రదర్శన రోజున కేప్ కోస్ట్ వాళ్లు పాపా బల్ల దగ్గర ముందు నవ్వారు. వాళ్లలో ఒక తెల్లజుట్టాయన మాత్రం భూతద్దం పెట్టి పేజీలు తిప్పుతూ తిప్పుతూ కూర్చుండిపోయాడు. "పని దినాల్లో ఒక్కటీ తప్పిపోలేదే! నెలల తరబడి ఒకే ఊరి ముద్ర, రోజువారీగా! ఇలాంటిది నేనెక్కడా చూడలేదు," అన్నాడు. మూడో బహుమతి ఇచ్చారు. డాక్టరు ఓడలకి ఏమీ రాలేదు. అయినా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

పైవాళ్లు పెట్టిన ఏడాది గడువు ముగిసింది. పైనుంచి మనిషి వచ్చి లెక్క చూసుకుని, ఆఫీసు ఉంటుందని చెప్పి వెళ్లాడు. అప్పటికి మా సంఘం ఉత్తరాలతోనే రోజుకి పన్నెండు దాటిపోతున్నాయి. ఇక పాపాకి విశ్రాంతి దొరికిందనుకున్నాను.

మర్నాడు మూడింటికి చూస్తే కిటికీ ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో కవరు.

"పాపా, అంతా తెలుసు మాకు," అన్నాను ఇక ఆగలేక. "గండం గడిచింది కదా. ఇంకా ఎందుకీ తంటా?"

ఆయన అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ, నా చెవి దగ్గరికి వంగాడు.

"ఏం చెప్పమంటావు మాస్టారూ, మొదట్లో నటనే. కానీ నిన్న మాన్సా తుమ్ముతూ కొట్టింది, ముద్ర వంకరగా పడింది. అచ్చం నవ్వుతున్నట్టుంది. అలాంటిది నా దగ్గర ఒక్కటే ఉంది." కవరు కిటికీలోంచి లోపలికి తోశాడు. "ఒక ముక్కుపొడుం కాయ కూడా తెచ్చాను. ఇంకోసారి తుమ్ముతుందేమో చూద్దాం."