ఎడమ నుంచి రెండో గీత

పొద్దున కంప్యూటరు ముందు కూర్చోగానే తెర మీది బాణం నా చేతికి చిక్కకుండా పారిపోయింది. మౌసుని వెంట్రుకవాసి కదిలిస్తే చాలు, ఈ మూల నుంచి ఆ మూలకి దూకుతోంది. తిరగేసి చూస్తే అడుగున ఎర్రదీపం తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు అక్కడ ఉసిరికాయంత రబ్బరు బంతి ఉండేది. దాన్ని ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పత్తిగింజల వాసన వచ్చేది. ఒక్క ఏడాది మాత్రం పసుపు వాసన వచ్చింది.

ఆ పసుపు సంగతి చెప్పాలంటే నరసరావుపేటలో మా బాబాయి పత్తి జిన్నింగు మిల్లుకి వెళ్ళాలి. అప్పుడు నాది ఎనిమిదో తరగతి. పత్తి నూగు చొరబడకుండా ఆఫీసు కిటికీలకి మేకులు కొట్టించి, తలుపు సందుల్లో పాతచీర పేలికలు కుక్కించి, కొత్తకోడలికి ముసుగేసినట్టు కంప్యూటరుకి గుడ్డ కప్పి కూర్చోబెట్టాడు బాబాయి. బస్తాలు ఎత్తిన చెయ్యి ఆయనది. ఆ మోటు చేతికి తగ్గట్టు మౌసు వేగం బాగా తగ్గించుకుని, దాన్ని బల్ల చివరిదాకా లాగి, ఎత్తి, మళ్ళీ మొదటి నుంచి లాగేవాడు, బావిలో నీళ్ళు చేదినట్టు. ఆ బాణం తెర దాటేలోపు నేను రెండు గారెలు తినేవాణ్ణి. నిజానికి మూడు, కానీ మూడంటే మీరు నమ్మరు.

విమానాల్ని కాల్చే నా ఆటకి ఆ వేగం ఏ మూలకి? నేను గురిపెట్టేలోపు శత్రువు సత్తెనపల్లి దాటిపోయేవాడు. అందుకని బాబాయి లేనప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి, మౌసు వేగం చూపే గీతల వరస మీదున్న బిళ్ళని కుడి చివరికి జరిపి ఆడుకుని, ఆయన స్కూటరు చప్పుడు వినగానే ఎడమకి లాగేసేవాణ్ణి. దొరికితే ఆ గదిలో మళ్ళీ అడుగు పెట్టనివ్వడు. నా ఎరికన ఊళ్ళో ఆట ఆడుకోవడానికి ఉన్న కంప్యూటరు అదొక్కటే.

ఆయుధపూజ నాడు నేను ఆటలో మునిగి ఉండగా నాయనమ్మ పసుపు కుంకుమల పళ్ళెంతో వచ్చేసింది. మిషన్లకీ కాటాకీ పెట్టినట్టే మౌసుక్కూడా తడిపసుపు పూసి, బొట్టు పెట్టి, పైన బంతిపువ్వు ఉంచింది. "ఒరేయ్, పూజలో పెట్టిన పనిముట్టు రేపటిదాకా ముట్టుకోగూడదు, లే" అని నన్ను బయటికి తోలి తాళం వేసింది. బిళ్ళ కుడి చివరే ఉండిపోయింది.

దశమి పొద్దున తెర మీద దేవుడి పేరు కొట్టాకే మిల్లు తిప్పడం బాబాయి పెట్టుకున్న ఆనవాయితీ. ఆయన చెయ్యి వేయగానే బాణం తూనీగలా ఎగిరింది. లోపలికి దిగిన పసుపుకి మధ్యమధ్య కుదుపులు కూడాను. గుమ్మంలో నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"పండగపూట పనిముట్టు చేతికి లొంగలేదంటే అపశకునంరా. ఇయ్యాల మిషన్లు తిప్పమాక."

బయట పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, కూలీలు ఎదురుచూస్తున్నారు. నిజం చెబితే నాకు గది పోతుంది, చెప్పకపోతే మిల్లు ఆగుతుంది. నా నోరు మూడో దారి పట్టింది.

"అపశకునం గాదు నాయనమ్మా, పూజతో దానికి శక్తి వచ్చింది! పెద్దోళ్ళకి లొంగదు. పిల్లల చెయ్యి పడాల."

బాబాయి కళ్ళద్దాల మీదుగా నన్ను ఓసారి చూసి, కుర్చీలోంచి లేచాడు.

"అట్టాగా? అయితే నువ్వే కూర్చోరా."

కూర్చున్నాను. మిషన్లు తిరిగాయి, నాయనమ్మ నాకు దిష్టి తీసింది. అక్కడితో అయితే బాగుండేది. మిగిలిన సెలవులూ, ఆ పైన శివరాత్రికి జరిగే కోటప్పకొండ తిరునాళ్ళ దాకా ప్రతి ఆదివారమూ మేకులు కొట్టిన ఆ కిటికీల వెనక బాబాయి చెప్పిన చోటల్లా నొక్కుతూ ఉండిపోయాను. బయట తోటిపిల్లలు పత్తి గుట్టల మీద దూకుతున్న కేకలు వినపడేవి. తిరునాళ్ళకి తీసుకెళ్ళే ఎత్తైన ప్రభ కట్టే రోజుల్లో డప్పులు వినపడేవి. ఆట ఆడదామంటే, పోనీ బిళ్ళని వెనక్కి జరుపుదామంటే, ఆయన పక్కనుంచి కదిలితే కదా!

మిల్లు మూతపడ్డాక ఆ బల్లని అమ్మేస్తూ సొరుగు లాగితే, లోపల అతికించిన పాత చీటీ కనపడింది. బాబాయి రాత: "మౌసు, ఎడమ నుంచి రెండో గీత." అంతా తెలిసే నన్ను కూర్చోబెట్టావా అని అడుగుదామంటే అప్పటికి ఆయన లేడు.

ఇప్పుడు మిల్లు చోట ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతారు. పసుపు పూద్దామన్నా మౌసులో బంతి లేదు. నేను ఊళ్ళో లేనప్పుడల్లా ఈ కంప్యూటరు మీద తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఆటలాడుతుంది. బిళ్ళ ఎక్కడుండాలో నాకు తెలుసు. అయినా పిలిచాను.

"ఏమే, ఇది నా చేతికి లొంగటంలా. ఏందిది?"

"అప్‌డేట్ వచ్చింది నాన్నా," తడుముకోకుండా అంది. "పెద్దోళ్ళకి అలవాటు కావాలంటే చానా రోజులు పడుద్ది."

"అట్టాగా? అయితే నువ్వే కూర్చోవే."

కుర్చీ ఖాళీ చేసి, ఇంకొకటి లాక్కుని, అమ్మాయి పక్కనే కూర్చున్నాను.