దేవసహాయం సీసాకి నేను చేసిన విచారణ

1994 ఆగస్టు, రెండో ఆదివారం, ఉదయం తొమ్మిదింపావు. సరిగ్గా ఆ వేళకి రాయపూర్ తెలుగువాళ్ళ ముందు నా పరువు నేలపాలైంది.

అప్పటికి నేను తాగుడు మానేసి ఆరేళ్ళు. మానినవాళ్ళ సంఘంలో పాతవాడు కొత్తవాడికి తోడుండాలి. మళ్ళీ గుటక వేసినవాడు ఎంత పాతవాడైనా చివరి బెంచీకెళ్ళి కొత్తవాడిగా కూర్చోవాలి. తాను దూర కంత లేదు, మెడకో డోలు అంటారు. నా మెడకి మనిషినే కట్టారు: రైల్వే ఖలాసీ దేవసహాయం.

తోడుండమంటే కాపలా కాయమనుకున్నాను. రోజూ పొద్దున్నే మోవా పేటలో వాళ్ళింటికెళ్ళి, పోలీసు కుక్కలా అతని నోరు వాసన చూసేవాణ్ణి. మనిషిని కాస్త నమ్మమనేది అతని భార్య రూతమ్మ. నమ్మడం నా డ్యూటీ కాదనేవాణ్ణి.

ఆ ఆదివారం దేవసహాయం తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోతున్నాడు. చేతిసంచిలోంచి సీసా మెడ తొంగిచూస్తోంది. సైకిలు మీద వెంటపడి చర్చి గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"ఇది ప్రభువు బల్లకి, అన్నా. ఆరాధనలో అందరికీ పంచేది" అన్నాడు.

తాగే రోజుల్లో నేనాడిన అబద్ధాలు ఇంతకన్నా బాగుండేవి. సీసా లాక్కుని ఓ గుటక వేశాను. తియ్యగా ఉంది, సంగతి తేలలేదు. ఇంకోటి వేశాను. న్యాయంగా తేల్చేసరికి సీసా ఖాళీ.

జనం మూగారు. "మళ్ళీ మొదలెట్టాడా?" అంది సువార్తమ్మ అనే ముసలావిడ, దేవసహాయాన్నే చూస్తూ. దేవసహాయం తల దించుకున్నాడు. అప్పుడు పాదిరిగారు బయటికొచ్చి చెప్పారు: అది రూతమ్మ పళ్ళు పిండి కాచిన ద్రాక్షరసం. ఇతని కోసమే చర్చిలో వైను ఆపేశారు. నమ్మి సీసా అతని చేతికివ్వడం ఇదే మొదలు.

తాగింది నేనేనని అందరి ముందూ ఒప్పుకోక తప్పలేదు. రూతమ్మ ఇంటికెళ్ళి మళ్ళీ పళ్ళు పిండుకొచ్చేదాకా ఆరాధన ఆగింది.

దేవసహాయం నెమ్మదిగా అడిగాడు. "ఏమనుకుని తాగావన్నా?"

"మందనుకునే. తేల్చుకుందామని."

"మొదటి గుటక సరే. రెండోది?"

సాయంత్రం సంఘంలో చివరి బెంచీ నాకిచ్చారు. నాకు తోడుగా ఉంటానని చెయ్యెత్తింది దేవసహాయమే. మర్నాడు పొద్దున్నే మా క్వార్టరు తలుపు తట్టి, "నోరు తెరువన్నా" అన్నాడు.

కాబట్టి సమస్త సీసాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ సీసానైనా ముక్కుతోనే విచారిస్తాను, నాలుకని సాక్ష్యానికి పిలవను.

ఆ రోజు గుమ్మం దగ్గరున్నవాళ్ళు: దేవసహాయం, రూతమ్మ, పాదిరిగారు, సువార్తమ్మ, గంట కొట్టే యోహాను, పైడయ్య అనే నేను. వీళ్ళలో తాగినవాణ్ణి నేనొక్కణ్ణే.