నేను తినని పరమాన్నం

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో, మా నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని కొల్లేటిలో ఒక లంక ఊరికి వెళ్లారు. ఆయన ఏలూరు దగ్గర మిషను బడిలో మేష్టారు. అక్కడి పిల్లలను బడికి పంపమని అడగడానికే ఆ ప్రయాణం. దోనె దిగేసరికి వాన పట్టుకుంది. చేపలు పట్టేవాళ్ల ఇంటి ముసలమ్మ ఒకావిడ మమ్మల్ని పిలిచి, లోపల కూర్చోబెట్టి, తామరాకుల్లో పరమాన్నం వడ్డించింది.

"ఇప్పుడే అమ్మవారికి పెట్టి తెచ్చానండీ. తినండి మేష్టారూ" అంది.

విగ్రహాలకు పెట్టింది ముట్టకూడదని మాకు ఆదివారపు బడిలో నేర్పారు. నేను ఆకు పక్కకు నెట్టి, మేం ఇది తినం అని గట్టిగానే చెప్పాను. నాన్నగారూ తినరనే అనుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, మెతుకు మిగల్చకుండా తిన్నారు. ముసలమ్మ లేచి పొయ్యి దగ్గరకు వెళ్లింది. తడిసిన పుల్లలు ఊదుకుంటూ, పొగకు కళ్లు తుడుచుకుంటూ, నా ఒక్కదాని కోసం మళ్లీ ఎసరు పెట్టింది.

ఆదివారం నాడు, మెచ్చుకుంటారన్న ఆశతో, ఆదివారపు బడిలో మాకు పాఠాలు చెప్పే అక్కకు ఇదంతా చెప్పాను. మెచ్చుకుంది. మరి మీ నాన్నగారేం చేశారని అడిగింది. అదీ చెప్పేశాను. సంఘపెద్దలు అడిగితే నాన్నగారు తిన్నానని ఒప్పుకున్నారు. ఆ నెల చర్చిలో ఆయనకు ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వలేదు. అందరూ లేచి ముందుకు వెళ్తుంటే ఆయనొక్కరే చాప మీద ఉండిపోయారు. తలవంచుకోలేదు, కోపంగానూ లేరు. నాకేమీ అర్థం కాలేదు.

ఇంటికి వెళ్తూ ఏడుపు ఆపుకోలేక, తప్పు చేసింది మీరా నేనా అని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"తెలీదమ్మా. నువ్వు ప్రభువు కోసమే మానేశావు. నేనూ ఆయనకు వందనాలు చెప్పుకునే తిన్నాను. ఆవిడ మాత్రం మనిద్దరికీ అన్నం పెట్టింది. అంతవరకే నాకు తెలుసు" అన్నారు.

తర్వాతి వారం ఆయన మళ్లీ ఆ ఊరు వెళ్లారు. నన్ను రమ్మనలేదు. నేనూ అడగలేదు.

పెద్దదాన్నయ్యాక ఆ ప్రశ్నకు ఎందరో జవాబులు చెప్పారు. వింటున్నంతసేపూ ప్రతిదీ సబబుగానే ఉంటుంది, ఇంటికొచ్చాక మళ్లీ అయోమయమే. ఇప్పటికీ ఇరుగుపొరుగువారు పండుగపూట ఏదైనా తెచ్చిస్తే, ముందు వాళ్ల మొహంలోకి చూసి, రెండు చేతులా అందుకుంటాను. తినాలా వద్దా అన్నది వాళ్లు వెళ్లాక ఆలోచించుకుంటాను.