చప్పుడు తిరిగిరాని గది

మొదట కబురు తెచ్చింది మా పక్క అపార్ట్‌మెంట్ సుగుణక్కయ్య. "మన మాధవి కాలేజీ ప్రాజెక్టుకి తెలుగు గొంతు కావాలట. నీ పేరు చెప్పొచ్చాను," అంది. నేను కొలిచే రాముడి సాక్షిగా రాస్తున్నాను... ఇందులో కల్పించిన ముక్క ఒక్కటీ లేదు.

ఎనభైల చివర. అప్పుడు అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మాధవి మాకు తెలిసినవాళ్ల అమ్మాయి, అక్కడే పుట్టిన పిల్ల, ఇంజనీరింగ్ చదువుతోంది. నేను బడి ముఖం చూడలేదు, నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. అలాంటి నన్ను యూనివర్సిటీకి పిలిపించాడు ఆ స్వామి, అనుకున్నాను.

అందరూ వెళ్లిపోయాక, రాత్రిపూట రికార్డింగ్. రికార్డింగ్ చేసే గదిలో గోడలకీ కప్పుకీ మూరెడేసి స్పాంజి ముళ్లు. కిందా అవే. వాటిపైన బిగించిన తీగల వల మీద నడవాలి. మాట నోరు దాటగానే స్పాంజి మింగేస్తుంది. ప్రతిధ్వని ఉండదు. నా గుండె చప్పుడు నాకే పెద్దగా వినిపించింది...

"మల్లీ చెప్పు ఆంటీ. కల, కళ. నాకు రెండూ సేమ్."

"అందుకేగా నన్ను పిలిచావు."

"నువ్వు మా ప్రొఫెసర్ కంటే స్ట్రిక్ట్," అని నవ్వింది. ఆ పిల్లకి 'ళ' పలకదు. ఎంత పెద్దవాళ్లనైనా నువ్వనే అంటుంది.

అంతలో కరెంటు పోయింది.

మాధవి తలుపు తోసింది. రాలేదు. ఇద్దరం తోశాం. లోపలి పిడి ఊరికే తిరుగుతోంది... గడియ కదలడం లేదు. అరిచాం. అరుపు మా పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఆంటీ... బ్రీత్ రావట్లేదు."

ఉబ్బసం ఉంది ఆ పిల్లకి. జేబులోంచి ఇన్‌హేలర్ తీసింది. చేయి జారింది. ఠక్... తీగకు తగిలింది. వలకీ గోడకీ మధ్య సందులోంచి కిందికి జారిపోయింది.

బోర్లా పడుకుని సందులో చేయి పెట్టాను. తడిమాను. అంతా స్పాంజే. పక్కన మాధవి ఛాతీలో పిల్లికూతలు. సన్నబడుతున్నాయి... ఇంకా సన్నబడుతున్నాయి...

అప్పుడు... వినిపించింది.

ఆడగొంతు. మెల్లగా.

"ఎడమకు జరగండి."

జరిగాను.

"వేళ్లు ఇంకా కిందికి దించండి."

దించాను. చల్లగా ప్లాస్టిక్ తగిలింది.

రెండుసార్లు పీల్చాక మాధవికి ఊపిరి అందింది. తల నా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. కరెంటు పోయిందని గదులన్నీ చూసుకుంటూ వచ్చిన సెక్యూరిటీ ఆయన బయటినుంచి తలుపు తీశాడు. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను.

కారిడార్‌లో మాధవి అడిగింది. "డార్క్‌లో నీకెలా దొరికింది ఆంటీ?"

"నువ్వే కదమ్మా, ఎడమకు జరగమన్నావు."

"నేనా? నో ఆంటీ. నాకు మాటే రాలేదు."

నడిచేదాన్ని అక్కడే ఆగిపోయాను. ఆ గొంతు 'జరగండి' అంది. 'వేళ్లు' అంది... 'ళ' అంత స్పష్టంగా. గదిలో మేమిద్దరమే.

నా భయమే నాతో మాట్లాడిందా? దైవమా? ఇంకెవరైనానా? ఏ వైపు నుంచి వచ్చిందో కూడా చెప్పలేను. ఎవరిదైనా సరే, ఆ మాటకు నేను రుణపడ్డాను.

మాధవికి ఉబ్బసం ఇప్పటికీ పోలేదు. చలి ముదిరితే పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉంటుంది. ఈ రాత్రి పడుకోబోయే ముందు ఆ పిల్లను ఒక్కసారి తలుచుకోండి.